ఆబోతు కథలో గాడిద

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. తనూ జంతువుల కథలు రాస్తోందట. తను పనిచేసే చోట ఒక నాయకుణ్ణి నక్కను చేసి రాసిందట, చదివి చెప్పమని పంపింది. చదివాను. బాగానే ఉంది. నక్క గురించి నేను చెప్పేదేమీ లేదు. కానీ నాలుగో పేజీలో ఒక బాతు వచ్చింది. వంకర నడక, నత్తి మాట, ఎవరేమన్నా తలూపడం. ఆ బాతు ఎవరమ్మా అని అడిగాను. "ఎవరూ కాదు మేడమ్, ఊరికే నవ్వుకోడానికి" అంది.

ఆ మాట విన్నాక ఇది రాయక తప్పలేదు. ఆ అమ్మాయి కోసం, ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు కాగితం ముందు కూర్చునే మీలాంటి వాళ్ళ కోసం.

నేను పశువుల డాక్టరుగా ముప్పై ఏళ్ళు పైబడి పనిచేసి దిగిపోయాను. అందులో తొమ్మిదేళ్ళు ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్ళో గడిచాయి. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. చెప్తే ఏమవుతుందో మీకు తెలుసు. నిజానికి చెప్పకపోయినా అదే అవుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

కాపురం గుంటూరు బ్రాడీపేటలో. రోజూ పొద్దున్నే బస్సు. మిర్చి కోతల కాలంలో ఆ బస్సులో ఒకరు తుమ్మితే చివరి సీటు దాకా అందరూ తుమ్మేవాళ్ళు. ఊరి చివర రెండు గదుల ఆసుపత్రి, ముందు రేకుల షెడ్డు, అందులో పశువును నిలబెట్టి కట్టడానికి ఇనప చట్రం. సిబ్బంది అంటే నేను, మా అటెండరు. మూడో పోస్టు ఎప్పుడూ ఖాళీయే.

మా అటెండరు నాకంటే మూడేళ్ళు పెద్ద. బక్కపలచటి మనిషి, ఖాకీ చొక్కా ఎప్పుడూ ఉతికి ఇస్త్రీ చేసి ఉండేది. టీకాల రోజుల్లో ఐసు పెట్టె సైకిలు వెనక కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఒకసారి వానాకాలంలో వాగు పొంగి చప్టా మీదుగా నీళ్ళు పోతుంటే, ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో దాటొచ్చాడు. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం చివర "అదే మరి" అనడం అలవాటు. "గేదె మేత మానేసింది మేడమ్, అదే మరి." "ఇవాళ బస్సు ఆలస్యం, అదే మరి." వాటికి అర్థమేమీ లేదు. కొందరు గొంతు సవరించుకుంటారే, అలాంటిది.

నేను రాయడం మొదలుపెట్టింది బ్రాడీపేటలో ఒక ప్రెస్సు వల్ల. టీకాల శిబిరం కరపత్రాలు వేయించడానికి అక్కడికి వెళ్ళేదాన్ని. ప్రెస్సు ఓనరుని అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ అంతే. ఆయన పక్షానికొకసారి నాలుగు పేజీల పత్రిక నడిపేవాడు. పశువుల జబ్బుల మీద ఏదైనా రాయమని అడిగాడు. గేదెలకు వచ్చే పొదుగువాపు మీద రాశాను. ఆయన మొహమాటానికి వేశాడు. ఎవరూ చదవలేదు. ఆసుపత్రికి వచ్చే రైతుల్ని అడిగితే, పత్రికలో పకోడీలు కట్టుకొచ్చామన్నారు.

సరే, పశువుల గురించి కాదు, పశువులే మాట్లాడుకున్నట్టు రాద్దామనిపించింది. ‘గొడ్ల సభ’ అని పేరు పెట్టాను. అందులో ఒక ఆబోతు. దేవుడి పేరు మీద అచ్చేసి వదిలింది కాబట్టి దాన్ని ఎవరూ కొట్టకూడదు. ఎవరి పత్తి చేలోనైనా పడి మేస్తుంది, మేసినచోట పేడ వేసి, ఎరువు వేశాను చూడండి అంటుంది. దాని వీపు మీద తెల్లకొంగలు. అది అడుగు వేస్తే లేచే పురుగుల్ని తిని బతుకుతూ, ఆహా ఏం నడక అని పొగుడుతుంటాయి. చెవి వెనక పట్టుకుని రక్తం తాగే పిడుదులు, మేమే లేకపోతే ఆబోతుగారి చెవి ఊడిపోయేదంటాయి. ఇక గేదెలు. సభకు వస్తాయి, అంతా వింటాయి, తలూపుతాయి, ఇంటికెళ్ళి నెమరేస్తాయి.

ఆ ఊళ్ళో ఒక నాయకుడుండేవాడు. ఆబోతు ఎవరో నేను చెప్పక్కర్లేదు. మిర్చి ఆరబోసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన పట్టాలు ముందు ఆయన మనుషుల కల్లాల్లోనే పరుచుకునేవి. వాగు మీద కల్వర్టు ఆయనే కట్టించాడు. కట్టిన ఏడాదికే దాని మీద ఎడ్లబండి తోలాలంటే జనం దణ్ణం పెట్టుకుని తోలేవాళ్ళు.

కలం పేరుతోనే రాశాను. కానీ రెండో భాగానికే ఊరంతటికీ తెలిసిపోయింది. గేదె పడుకునేటప్పుడు ముందు ఏ కాళ్ళు మడుస్తుందో కథలో రాసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? ఎవరో పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. అక్కణ్ణించి కథ నా చేతిలోంచీ, భాయ్ చేతిలోంచీ కూడా పోయింది. మిర్చి కల్లాల దగ్గర కూలీలు చదివించుకుని నవ్వుకుంటున్నారని విన్నాను. నాకెంత సంతోషమో చెప్పలేను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఏ రిపోర్టునూ ఎవరూ రెండోసారి చదవలేదు.

తమాషా ఏమిటంటే, ఆ నాయకుడికి మొదట్లో కోపమే రాలేదు. ఆబోతంటే తన ప్రత్యర్థి అనుకున్నాడు. ప్రత్యర్థేమో ఈయనే అనుకున్నాడు. మా నాయకుడు ఒకరోజు కొమ్ము విరిగిన గిత్తను పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, కట్టు కడుతుంటే నా చెవి దగ్గరకొచ్చి, "బాగా పెట్టారు డాక్టరమ్మా వాడికి" అన్నాడు. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన, మా ఊరి ఆబోతు సంగతి మీకెట్టా తెలిసిందని ఆశ్చర్యపోయాడు. ఆబోతు తానేనని అనుకున్నవాడు ఆ మండలంలో ఒక్కడూ లేడు.

ఐదో భాగం రాసేటప్పుడు కథ కాస్త బరువెక్కినట్టనిపించింది. ఎక్కడైనా నవ్వు కావాలి. అందుకని ఒక గాడిదను తెచ్చాను. వీపు మీద ఐసు పెట్టె. ఆబోతు పిలిస్తే అటు, కొంగలు పిలిస్తే ఇటు పరిగెడుతుంది. మెదడు కరిగిపోతుందని ఎవరో చెప్తే దాన్ని ఐసు పెట్టెలో దాచుకుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే మూత తీసి చూసుకుని, "అదే మరి" అంటుంది.

ఇది రాసేటప్పుడు మా అటెండరు నా మనసులో ఉన్నాడా అంటే, ఉన్నాడు. ఆయన్ను ఎగతాళి చేస్తున్నానని అనుకున్నానా అంటే, ఆ ప్రశ్నే నాకు రాలేదు. ఆబోతు గురించి రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది పట్టుబడుతుందా, దీనికి రుజువుందా, ఉద్యోగం పోతుందా అని పదిసార్లు చూసుకున్నాను. గాడిద గురించి ఒక్కసారీ ఆగలేదు. ఆ పేజీ అరగంటలో వచ్చేసింది. అంత తేలిగ్గా వచ్చినందుకు మురిసిపోయాను కూడా.

జనానికి అన్నిటికంటే నచ్చింది ఆ భాగమే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా అటెండరు మరీ మౌనంగా ఉంటున్నట్టు గమనించాను. పనిలో లోటేమీ లేదు. సీసాలు కడగడం, రిజిస్టరు తేవడం, పశువును చట్రంలోకి నడిపించడం, అన్నీ మామూలే. కానీ ఏదో తక్కువైంది. ఏమిటో చాలా రోజులు తెలియలేదు. ఒకనాడు గేదె ఈత కష్టమై ఇద్దరం రెండు గంటలు కుస్తీ పట్టి దూడను బయటికి తీశాం. రైతు ఆనందంతో ఆయన చేతులు పట్టుకుంటే, "బతికింది" అని ఊరుకున్నాడు. అప్పుడు తట్టింది, ఆయన "అదే మరి" అనడం మానేశాడని. పళ్ళ నొప్పేమోననుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. చేయి కడుక్కుంటూ లవంగం నూనె రాయమని సలహా కూడా ఇచ్చాను.

ఈలోగా గుంటూరులో ఒక పెళ్ళిలో ఎవరో కుర్రాళ్ళు మా నాయకుడు లోపలికొస్తుంటే "ఆబోతుగారొచ్చారు, దారివ్వండి" అన్నారట. ఆయనకు విషయం అప్పుడర్థమైంది. వారం తిరక్కుండా నా మీద ఫిర్యాదు వెళ్ళింది. ప్రభుత్వోద్యోగి ప్రజాప్రతినిధిని అవమానిస్తూ పత్రికల్లో రాస్తోందని, చర్య తీసుకుని దూరం బదిలీ చేయాలని. అప్పట్లో మా అత్తగారు మంచాన ఉన్నారు. గుంటూరు వదిలి కదిలే పరిస్థితి కాదు. నాకు నిద్రపట్టేది కాదు. భాయ్ మాత్రం ధైర్యంగా ఉన్నాడు. కావాలంటే కథ తనే రాశానని చెప్తానన్నాడు. "మీకు గేదెకీ దున్నకీ తేడా తెలియదు భాయ్, ఎవరు నమ్ముతారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

విచారణకు డివిజన్ నుంచి ఒక అధికారి వచ్చాడు. పత్తి తీతల రోజులు, ఊళ్ళో మనుషులే లేరు. నా గదిలో నా కుర్చీలో ఆయన కూర్చున్నాడు, ఎదురుగా బల్లకు ఇవతల నేను. పక్కన ఫిర్యాదు మీద సంతకం చేసిన మనిషి. ఎప్పుడూ నాయకుడి ఫోను పట్టుకుని ఆయన వెంట తిరిగేవాడు. బల్ల మీద భాయ్ పత్రికలు, ఎర్రగీతలతో. ఉద్యోగులు కథలు రాయవచ్చా లేదా అని మొదట అరపూట నిబంధనలు తిరగేశారు. సాహిత్యం రాసుకోవచ్చు, ప్రభుత్వాన్ని విమర్శించకూడదు అని తేలింది. ఆబోతు ప్రభుత్వమా కాదా అన్నది మిగిలింది.

నన్నడిగితే ఆబోతు ఆబోతేనన్నాను. అధికారి రాసుకుని, మీ దగ్గర పనిచేసేవాళ్ళని పిలవండన్నాడు. పనిచేసేవాళ్ళు అంటే ఒక్కడే. మా అటెండరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ క్షణం నేను భయపడింది ఆయన నిజాయితీకే. ఆయన అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. పట్టాల సంగతీ, కల్వర్టు సంగతీ మేమిద్దరం టీ తాగుతూ ఎన్నోసార్లు చెప్పుకున్నవే. కథలో సగం వివరాలు ఆయన నోటి నుంచి వచ్చినవే.

అధికారి అడిగాడు, "ఏమయ్యా, ఈ కథ చదివావా?"

"మా అమ్మాయి చదివి వినిపించిందండీ."

"ఇందులో ఈ ఆబోతు ఎవరు?"

మా అటెండరు తలుపు దగ్గర నుంచే చెప్పాడు, "ఆబోతేనండీ. ఇది పశువుల ఆసుపత్రి. ఇక్కడ కూర్చుని రాసేవాళ్ళు పశువుల గురించి కాక ఇంకెవరి గురించి రాస్తారు?"

అధికారి మొహంలో ఒక చిన్న నవ్వు. ఇక లేవబోతూ, ఊరికే మాటవరసకు అడిగాడు. "అయితే కొంగలు కొంగలేనా? గాడిద గాడిదేనా?"

"కొంగలు కొంగలేనండీ. గాడిద మాత్రం నేనేనండీ."

అధికారి కలం పట్టుకుని అలాగే చూశాడు. "అది రాయమంటావా?" అని నెమ్మదిగా అడిగాడు.

"వద్దండీ. మీరడిగారు కాబట్టి చెప్పాను." అని, ఫ్రిజ్జు దగ్గర పనుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నాకు సరిగ్గా తలకెక్కలేదు గానీ చెప్తాను. అధికారి ఆ ఫిర్యాదుదారు వైపు తిరిగి, ఫిర్యాదు నిలబడాలంటే ఒక కాగితం కావాలన్నాడు. ఫలానా కథలో ఊళ్ళ మీద పడి మేసే ఆబోతు మా నాయకుడేనని రాసి, నాయకుడిగారి సంతకం పెట్టించి తెమ్మన్నాడు. ఆ మనిషి బయటికెళ్ళి ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. నాకు ముందుముందు జాగ్రత్తగా ఉండాలని ఒక మెమో ఇచ్చారు. అధికారి జీపెక్కుతూ నాతో అన్నది ఒక్కటే మాట, "ఆయనతో మాట్లాడండమ్మా."

నేను గెలిచానని భాయ్ స్వీట్లు పంచాడు. ఒక్కటీ నోట పెట్టుకోలేకపోయాను.

ఆదివారం ఆటో చేసుకుని మా అటెండరు ఇంటికి వెళ్ళాను. అన్నేళ్ళు కలిసి పనిచేసి ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఆయన భార్య కుర్చీ వేసింది. కూతురు బ్రాడీపేటలోనే టీచరు పరీక్షకు కోచింగు తీసుకుంటోందట, సెలవుకు ఇంటికొచ్చి ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టి లోపలికెళ్ళింది, మళ్ళీ రాలేదు.

క్షమించమని అడగడం ఎలాగో నాకు తెలియదు. ఉద్యోగంలో మనం మెమోలకు సంజాయిషీ రాయడం నేర్చుకుంటాం గానీ ఇది నేర్చుకోం. కావాలని చేయలేదన్నాను. అంతకంటే పనికిమాలిన మాట లేదు. తర్వాత ఆయనే చెప్పాడు.

"మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది మేడమ్. సగం దాకా పడీ పడీ నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది. మిగతాది చదవమంటే ఛార్జింగు అయిపోయిందంది. తర్వాత పక్కింటాయన చెప్పాడు మిగతాది."

హాస్టల్లో తోటి పిల్లలు ఆ కథ చదువుకుని "అదే మరి, అదే మరి" అంటూ నవ్వుతుంటే, ఆ పిల్లా వాళ్ళతో పాటు నవ్విందట. ఆ గాడిద తన తండ్రని చెప్పలేక. ఊళ్ళోనూ సైకిలు మీద పోతుంటే కుర్రాళ్ళు వెనకనుంచి అదే మాట. అందుకే ఆ మాట మానేశాడు. మానడం కష్టమైందట, యాభై ఏళ్ళ అలవాటు. నోటికొచ్చినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకునేవాడట. నేను లవంగం నూనె రాయమన్నది దానికే.

ఇంకొక సంగతి కూడా ఆ రోజే తెలిసింది. వాళ్ళ నాన్న ఇటుక బట్టీలకు గాడిదల మీద మట్టి తోలేవాడు. బళ్ళో ఈయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. గాడిదలోడనే పిలిచేవాళ్ళు. ఖాకీ చొక్కా వేసుకున్నాక ఆ పేరు పోయింది. మళ్ళీ ఇన్నేళ్ళకు నేను తెచ్చిపెట్టాను.

"గాడిదన్నందుకు కాదు మేడమ్," అన్నాడు. "గాడిదకు మెదడు లేదని రాశారు. ఇన్నేళ్ళు ఆ పెట్టె మోశాను. ఒక్క సీసా వేడెక్కనిచ్చానా?"

లేదన్నాను. నిజంగానే లేదు.

తిరిగొచ్చి రెండు వారాలు ఏమీ రాయలేదు. తర్వాత తప్పు దిద్దుకుంటున్నాననుకుని ఒక కథ రాశాను. అందులో గాడిద గొప్ప జ్ఞాని. సభలో లేచి ఆబోతును కడిగేస్తుంది, ధర్మపన్నాలు చెప్తుంది, గేదెలు చప్పట్లు కొడతాయి. భాయ్ చదివి కళ్ళు తుడుచుకున్నాడు. అచ్చేసేముందు మా అటెండరుకు వినిపించాలనిపించి, మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని చదివాను. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది గాడిద కాదు మేడమ్. ఇది మీరే."

మొదట ఉక్రోషం వచ్చింది. తర్వాత అడిగాను, మరి గాడిద ఎలా ఉంటుందని. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. గాడిద ఒకసారి నడిచిన దారి మరిచిపోదట. నాన్న కల్లు తాగి వెనక పడిపోతే అవి వాటంతటవే బట్టీకి పోయి నిలబడేవట. జనం మొండిదంటారు గానీ అది మొండితనం కాదట. కాలి కింద నేల గట్టిగా లేదని అనుమానం వస్తే అడుగు వేయదు. ఎంత కొట్టినా వేయదు. ఒకసారి చెరువు కట్ట మీద అట్లాగే నిలబడిపోతే నాన్న కర్ర విరిగేదాకా కొట్టాడట. మర్నాడు అక్కడే గండి పడింది. నాన్న ఆ రోజు గాడిదల ముందు కూర్చుని, ఒక్కముక్క మాట్లాడకుండా వాటి కాళ్ళకు నూనె రాశాడట.

నేను పశువైద్యం చదువుకున్నదాన్ని. గాడిదకు పక్కటెముకలెన్నో చెప్పగలను. ఇదేదీ నాకు తెలియదు.

ఆ జ్ఞాని గాడిద కథ చించేశాను. కొత్తది రాశాను. అందులో గాడిద ఒక్క మాటా మాట్లాడదు. ఆబోతు ఊరేగింపు కొత్త కల్వర్టు మీదకు వస్తుంది. ముందు నడుస్తున్న గాడిద ఆగిపోతుంది. కొంగలు తిడతాయి, పిడుదులు నవ్వుతాయి, అన్నీ కలిసి కొడతాయి. అది కదలదు. చివరికి ఆబోతే విసుక్కుని, గాడిదకేం తెలుసని ముందుకు అడుగు వేస్తుంది. కల్వర్టు కూలుతుంది. గాడిద వెనక్కి తిరిగి, తెలిసిన దారిన ఇంటికి పోతుంది. అంతే కథ.

ఈసారి చేతిరాత కాగితాలు ఆయనకే ఇచ్చాను. కూతురి చేత చదివించుకుని మూడోరోజు తెచ్చాడు. గాడిద చెవులు కోపం వస్తే వెనక్కి పడతాయి, మీరు ముందుకని రాశారు, దిద్దండి అన్నాడు. అట్టడుగున ఆ అమ్మాయి పెన్సిలుతో రెండు అక్షర దోషాలు దిద్ది ఉంది. నాకు ఏ బహుమతి వచ్చినా అంత ఊరట కలిగేది కాదు.

ఆ కథ అచ్చయింది, పాతదానికంటే ఎక్కువ తిరిగింది. తర్వాతి వానలకు కల్వర్టు నిజంగానే ఒకవైపు కుంగింది, మళ్ళీ కట్టారు. అది నా కథ మహిమ అని భాయ్ ప్రచారం చేశాడు. కాదు, అది సిమెంటు మహిమ. కథలకు కల్వర్టులు కూలవు, నాయకులు మారరు. ఇది మీకు ముందే చెప్పడం మంచిది. సైకిలు వెనక ఏడిపించే కుర్రాళ్ళు మాత్రం ఆ వారంలోనే మానేశారు. "అదే మరి" అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ రాలేదు. నేను పోగొట్టిన వాటిలో అదొకటి. దాన్ని తెచ్చే కథ నాకు రాయడం రాదు.

రెండేళ్ళకు ఆయన రిటైరయ్యాడు. ఆసుపత్రి ముందు షామియానా వేశాం. అటెండరు సన్మానానికి అంతమంది వస్తారని నేననుకోలేదు. ఐసు పెట్టె వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ వచ్చారు. కూతురు అప్పటికి టీచరు ఉద్యోగంలో చేరింది, ముందు వరసలో కూర్చుంది. ఆ ఊళ్ళో ఏ సభ జరిగినా వేదిక మధ్యలో కూర్చునే మా నాయకుడు అక్కడా మధ్యలోనే కూర్చున్నాడు, శాలువా కప్పాడు.

రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చాను. మాట్లాడటం తనకు రాదన్నాడు. చదువుతానన్నాడు. ఖాకీ చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన పత్రిక తీశాడు. గాడిద కథ, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, తడుముకుంటూ, కూడబలుక్కుంటూ చదివాడు. గాడిద ఆగిపోయిన చోట తనూ ఆగి, కళ్ళజోడు పైనుంచి జనాన్ని చూశాడు. కల్వర్టు కూలేసరికి షామియానా అదిరిపోయింది. వేదిక మధ్యలో కూర్చున్న పెద్దమనిషి కడుపు పట్టుకుని అందరికంటే గట్టిగా నవ్వాడు. తెలిసి నవ్వాడో, తెలియక నవ్వాడో నాకిప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి కూడా నవ్వుతోంది. తండ్రి వంకే చూస్తూ, చివరిదాకా నవ్వింది.

భోజనాలయ్యాక జనం సర్దుకున్నారు. షెడ్డు నీడలో ఆయన పక్కన కూర్చుని, తర్వాత పిల్లి మీద రాద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆఫీసు పిల్లి, ఏ అధికారి వస్తే ఆయన కాళ్ళకు రాసుకునే రకం.

"పిల్లి గురించి మీకేం తెలుసు మేడమ్?" అన్నాడు.

ఏమీ తెలియదన్నాను.

ఆయన పక్కనున్న ఇంకో కుర్చీ లాగి, కాళ్ళు చాపుకుని, "అయితే రెండో బస్సుకు వెళ్దురుగాని, కూర్చోండి" అన్నాడు.